రెండు మందులు, ఒక జీవితం

జమ్మికుంట ఉన్న కరీంనగరు సీమ చిరకాలంగా బోదకాలు వ్యాధికి నెలవు. ఆ వ్యాధి నివారణకై ఆరోగ్య సిబ్బంది ఇంటింటా పంచిన మాత్రలలో డైఎథిల్ కార్బమజైన్ ముఖ్యమైనది. ఆ మందును లోకానికిచ్చిన పరిశోధనాలయానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. స్ప్రూ అనే జీర్ణవ్యాధి ఆయన సోదరులను పొట్టనపెట్టుకున్నది. మదరాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందున ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురియై, పూర్తి పట్టాకు బదులు తక్కువస్థాయి పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. పిదప భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికాకు ఓడనెక్కారు. మరల మాతృభూమిని చూడలేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని కనుగొనడంలో ఆయన కృషి గొప్పది. అయినను అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నేతృత్వంలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైనది. 1947లో బోదకాలు మందు వెలువడినది. ఆయన ఆహ్వానించిన వృద్ధ శాస్త్రజ్ఞుడు డగ్గర్, మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టారు. టెట్రాసైక్లిన్ మందుల వంశానికి అదే మూలపురుషుడు. అది 1948లో లోకానికి వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు 53 ఏండ్ల వయసున కన్నుమూశారు.

కథ అంతటితో ముగియలేదు. సముద్రపు స్పంజికల దేహంలో సూక్ష్మజీవులు కాపురముండి వాటికి రక్షక రసాయనాలను సమకూర్చునట్లే, బోదకాలు పురుగులో ఒల్బాకియా అనే సూక్ష్మజీవి నివసిస్తుంది. అది లేనిదే పురుగుకు సంతానం లేదు. టెట్రాసైక్లిన్ వంశపు డాక్సీసైక్లిన్‌ను కొన్ని వారాలపాటు వాడినచో ఒల్బాకియా నశించి, ఆడపురుగు గొడ్డువోయి, క్రమంగా చచ్చును. ఈ రహస్యం సుబ్బారావు గతించిన అర్ధశతాబ్దికి గాని తేటపడలేదు.

ఒకే పరిశోధనాలయంలో, ఒకే కాలంలో వేర్వేరుగా పుట్టిన రెండు ఔషధ పరంపరలు ఆ విధంగా ఒకే పురుగుపై కలిసి పోరాడుచున్నవి. ఆ కలయికను చూడడానికి ఆయన లేరు. మాత్ర మింగే చేతికి ఆయన పేరైనా తెలియజేయుట బడిపంతులు చేయదగిన పని.