జీటా ప్రమేయానికి కొత్త దారి చూపిన పాస్టర్ కొడుకు రీమాన్

2, 3, 5, 7, 11... ఇవి ప్రధాన సంఖ్యలు. ఒకటితోనూ, తమతోనూ తప్ప వేరే సంఖ్యతో నిశ్శేషంగా భాగించలేం. ఒకదాని తర్వాత ఇంకోటి ఎప్పుడొస్తుందో చెప్పే సులువైన సూత్రం లేదు. ఈ చిక్కులో పెద్ద దారి చూపించింది 39 ఏళ్లకే కన్నుమూసిన జర్మన్ గణిత శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ రీమాన్.

1826 సెప్టెంబర్ 17న హానోవర్ రాజ్యంలోని బ్రెసెలెంజ్ పల్లెలో పుట్టారు. తండ్రి పాస్టర్. ఆరుగురు పిల్లలు, చాలీచాలని ఆదాయం. కొడుకు కూడా మతబోధకుడు కావాలని తండ్రి కోరిక. 1846లో గాటింగెన్ యూనివర్సిటీలో చేరింది కూడా అందుకే. మనసేమో లెక్కల మీద. అయినా తండ్రిని అడిగి, ఆయన సరే అన్నాకే గణితంలోకి మారారు. బెర్లిన్‌లో డిరిక్లే దగ్గర చదువుకుని, 1851లో గాస్ దగ్గర డాక్టరేట్ పొందారు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టినా స్థిరమైన జీతం లేదు, విద్యార్థులిచ్చే ఫీజే ఆధారం. తండ్రి, తర్వాత సోదరుడు చనిపోవడంతో అక్కచెల్లెళ్ల బాధ్యతా ఆయన మీదే పడింది.

1859లో ప్రొఫెసర్ అయ్యారు. అదే ఏడాది బెర్లిన్ అకాడమీ సభ్యత్వం ఇచ్చింది. దానికి బదులుగా పట్టుమని పది పేజీల వ్యాసం పంపారు. సంఖ్యా శాస్త్రంపై ఆయన ప్రచురించింది ఆ ఒక్కటే!

జీటా ప్రమేయం ఆయన కనిపెట్టింది కాదు. దానికీ ప్రధాన సంఖ్యలకూ ఉన్న బంధాన్ని 1737లోనే ఆయిలర్ చూపించారు. రీమాన్ దాన్ని సంకీర్ణ సంఖ్యల్లోకి తీసుకెళ్లారు. అది సున్నా అయ్యే చోట్లు తెలిస్తే ప్రధాన సంఖ్యల హెచ్చుతగ్గులు తెలుస్తాయన్నారు. ముఖ్యమైన ఆ సున్నాలన్నీ ఒకే గీత మీద ఉండొచ్చని ఊహించారు. నిరూపణ దొరకలేదని దాచకుండా రాసేశారు.

1862లో ఎలీజ్ కోఖ్‌తో పెళ్లయింది. కొద్ది రోజులకే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. చల్లటి గాలి పడక ఇటలీకి వెళ్తూ వస్తూ ఉన్నారు. కూతురు పుట్టింది అక్కడే, పీసాలో. 1866 జులై 20న మజ్జోరే సరస్సు ఒడ్డున సెలాస్కాలో చనిపోయారు.

అది గాల్లో వేసిన ఊహేమో అని చాలామంది అనుకున్నారు. 1932లో సీగెల్ అనే గణితవేత్త రీమాన్ పాత కాగితాలు తిరగేసి, అందులోని పద్ధతిని బయటపెట్టారు. కొన్ని సున్నాలను రీమాన్ చేత్తోనే లెక్కగట్టి చూసుకున్నారని అప్పుడు తెలిసింది. 2000లో క్లే సంస్థ ఈ ఊహను నిరూపిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామంది. ఆ బహుమతి ఇప్పటికీ అలాగే ఉంది.