విదుషీమణి భండారు అచ్చమాంబ

నందిగామ సీమయందు బుట్టిన మహనీయులను స్మరించునపుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి నామము మొదట వినబడుట సహజము. ఆయనకు మూడేండ్లు పెద్దయైన యక్కగారిని తలంచువారు మాత్ర మరుదు. స్త్రీల యభ్యుదయమును కొనియాడు ఈ సంచికయందు ఆ యక్కగారైన భండారు అచ్చమాంబగారి చరిత్రమును చదువరుల యెదుట నుంచుట యుచితమని తలంచితిమి.

మన చందర్లపాడువలెనే నందిగామ సీమకు చేరిన పెనుగంచిప్రోలున 1874లో వీరు జన్మించిరి. ఆఱవయేట పితృవియోగము కలిగెను. ఆనాటి యాచారము చొప్పున బాల్యముననే భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. భర్తగారి యుద్యోగమునుబట్టి మధ్యపరగణాలకు కాపురమేగిరి. బడికేగి చదువుకొను భాగ్యము వీరికి కలుగలేదు. తమ్ముడు నాగపురమున అక్కగారి యింటనుండి విద్య నభ్యసించుచుండగా, ఆయన పాఠముల చెంతనే వీరి చదువును సాగెను. తెలుగు, హిందీ, మరాఠీ భాషలు నేర్చి, సంస్కృతమునందును పరిశ్రమ చేసిరి.

కన్నబిడ్డలు చిన్నతనముననే గతించిరి. అట్టి దుఃఖమున వీరు క్రుంగిపోక, దిక్కులేని పిల్లలను చేరదీసి విద్య చెప్పించిరి. తాము కలము చేబూనిరి.

స్త్రీలు స్వభావముచేతనే దుర్బలురనియు, మందబుద్ధులనియు, చదివినచో చెడుదురనియు నాడు పలువురు వాదించుచుండిరి. ఆ వాదములకు ప్రత్యుత్తరముగా పూర్వస్త్రీల చరిత్రలను కూర్చి “అబలా సచ్చరిత్ర రత్నమాల”ను రచించిరి. పేరు “అబల” యనుచుండగా, లోపలి చరిత్రలన్నియు బలమునే చాటుచుండుట గమనింపదగినది. 1902లో “హిందూసుందరి” పత్రికయందు “ధనత్రయోదశి”, “స్త్రీవిద్య” యను కథలను ప్రకటించిరి. గురజాడవారి “దిద్దుబాటు” వెలువడినది 1910లో. కావున తెలుగు కథకు తొలుత బాటవేసినవారిలో వీరొకరు. ఆ 1902లోనే బందరునందు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. ఇల్లు వెడలి సభ చేరుటయే సాహసమైన కాలమది.

మూడు భాగములుగా సంకల్పించిన రత్నమాల పూర్తిగాకమున్నే, 1905 జనవరి 18వ తేదీని వీరు స్వర్గస్థులైరి. అప్పటికి వీరికి ముప్పదియేండ్ల ప్రాయము. మఱుసటి యేట తమ్ముడు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పుటలో ముఖ్యులైరి.

నేడు మన యాడుబిడ్డలు వైద్యులై, న్యాయవాదులై, పంచాయతీ యధ్యక్షులై మన్ననలందుచున్నారు. సంతోషము. అయినను, తరగతిలో మొదట నిలిచిన బాలిక పదవ తరగతి ముగియగానే పెండ్లికనియో, కళాశాల దూరమనియో చదువు మానుటను ఉపాధ్యాయులముగా మేము పలుమాఱు చూచితిమి. ఆ యింటివారికి విద్యయందు ద్వేషము లేదు. తోడు లేదు, పైకము లేదు. అచ్చమాంబగారికి తమ్ముని పుస్తకములు తోడైనవి. ఈ బాలికలకు మనమే తోడు కావలెను. ఆడపిల్ల చదువు నిలిచిపోనున్న యింటికి మన సంఘీయులొకరు ముందుగా పోయి మాటాడవలెను. పుస్తకములకును, వసతికిని దాతలు పూనుకొనవలెను. ఆ మహనీయురాలికి మనము చేయదగిన సత్కారమిదియే. శుభమస్తు.