శీలమే సొగసు: డాక్టర్ జాకిర్ హుసేన్

పండుగ దగ్గర పడితే పత్తర్‌గట్టి దుకాణాలలో నిలువ చోటుండదు. కొత్త షేర్వాణి, కొత్త జోడు కొనుక్కోవాలన్న ఉత్సాహము యువకులకు సహజము. దానిని మేము తప్పు పట్టము. కాని కళాశాల ఛాయాచిత్రము తీసే నాడు మంచి కోటు లేదని ఒక తెలివైన విద్యార్థి చాటుగా వెళ్ళిపోవడము మేము చూచాము. మనిషి విలువను అతని బట్టల వెలతో కొలిచే అలవాటు తరగతి గదిలోనికి వచ్చిందని ఆనాడు మాకు తోచింది. అందుచేత ఈ నగరములోనే కన్ను తెరచిన ఒక మహనీయుని జీవితమును ఇక్కడ స్మరించుకొంటున్నాము.

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. ఉత్తరాదిలోని ఖాయంగంజ్ నుండి వచ్చిన తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ ఇక్కడ న్యాయవాదిగా రాణించారు. 1907లో ఆయన మరణించగా కుటుంబము ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. జాకిర్ ఇటావాలో ఇస్లామియా ఉన్నత పాఠశాల వసతిగృహములో ఉండి చదువుతుండగా 1911లో ప్లేగు తల్లిని కూడ తీసుకొనిపోయింది. తమ్ముడు యూసుఫ్ హుసేన్ తరువాతి కాలములో ఉస్మానియా విశ్వవిద్యాలయములో చరిత్ర ఆచార్యులైనందున హైదరాబాదుతో ఆ ఇంటి బంధము తెగిపోలేదు.

అలీగఢ్ కళాశాలలో పట్టా పొందిన యువకునికి ఆ రోజులలో మంచి ఉద్యోగము, హోదా చేతికందిన ఫలములు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునివ్వగా, ఇరువది మూడేళ్ళ జాకిర్ వాటిని విడిచి జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకొన్నారు. అది 1920 అక్టోబరు 29న వెలసింది. 1922లో ఆయన జర్మనీ వెళ్ళి బెర్లిన్ విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రమున డాక్టరేటు సంపాదించారు. ఈలోగా 1924లో తుర్కీ ప్రభుత్వము ఖిలాఫత్తును రద్దు చేయడముతో ఖిలాఫత్ ఉద్యమము చల్లారి జామియాకు నిధులు ఎండిపోయాయి. 1925లో అది అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగుకు తరలి, మూతపడే స్థితికి వచ్చింది. డాక్టరేటు పట్టాతో ఆయన ఏ కొలువునైనా కోరుకొనగలిగి ఉండేవారు. 1926లో తిరిగి వచ్చి ఆ బీద సంస్థకే ఉపాధ్యక్షులైనారు. 1928లో ఆయన, సహచరులు ఇరువది సంవత్సరములు నెలకు 150 రూపాయలకు మించని జీతముతో సేవ చేస్తామని ప్రతిజ్ఞ పూనారు. ఆ కొద్ది జీతమైనా పూర్తిగా అందని నెలలు అనేకము.

ఆ కాలపు ముచ్చట ఒకటి నేటికీ చెప్పుకొంటారు. విద్యార్థులు మురికి జోళ్ళతో రావద్దని ఎంత చెప్పినా వినకపోవడముతో, ఒకనాడు డాక్టర్ సాహెబ్ స్వయముగా బ్రష్షు, పాలిష్ డబ్బీ పట్టుకొని ద్వారము వద్ద కూర్చున్నారట. పిల్లలు సిగ్గుపడి మరునాటి నుండి శుభ్రమైన జోళ్ళతో వచ్చారట. ఇది మా వాదమునకు ఎదురుగా ఉన్నదని కొందరు అనవచ్చును. కాని ఆయన కోరినది ఖరీదైన జోడు కాదు, ఉన్న జోడు శుభ్రముగా ఉండటము. ఆయన స్వయముగా ధరించిన ఖద్దరు షేర్వాణి కూడ అటువంటిదే: ముతకది, కాని మచ్చలేనిది. శుభ్రత ఎదుటివారి యెడల మర్యాద. ఆడంబరము మన యెడల మనకున్న మోజు. ఈ రెంటికీ గల భేదమును ఆయన ఉపన్యాసముతో గాక చేతులతో చూపించారు.

1935లో ఓఖ్లాలో జామియా నూతన భవనమునకు శంకుస్థాపన జరిగింది. ఆ గౌరవము ఏ నవాబుకో, నాయకునికో దక్కలేదు. పాఠశాలలోని అతి చిన్న బాలుని చేత పునాది రాయి వేయించారు. పాఠశాలలో పిల్లలకు మిఠాయి పంచుతున్న ఒక వేళ ఆయన చిన్నారి కుమార్తె రెహానా కన్ను మూసిన వార్త వచ్చిందనీ, ఆ పసివారి సంతోషము చెడకూడదని ఆయన పంచడము ఆపలేదనీ సన్నిహితులు చెప్పుకొనేవారు. పిల్లల కొరకు తాము వ్రాసిన అబ్బూ ఖాన్ మేక మొదలైన కథలను ఆయన రుఖయ్యా రెహానా పేరిట ప్రకటించారు. ఆ విధముగా తన పేరు దాచుకొని బిడ్డ పేరు నిలిపారు.

తరువాత పదవులు వాటంతట అవే వచ్చాయి. 1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షత, 1957లో బీహారు గవర్నరు పదవి, 1962లో ఉపరాష్ట్రపతి పదవి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి పీఠము లభించాయి. 1969 మే 3న ఆ పదవిలో ఉండగానే పరమపదించారు. ఆయనను ఖననము చేసినది జామియా ఆవరణలోనే. తరగని సంపదను కూడబెట్టిన వారు కూడ తమ పిల్లలకు ఇంతకంటె చక్కని చిరునామా ఇవ్వలేరు.

విద్యార్థులారా! ఛాయాచిత్రము నాడు వెళ్ళిపోయిన ఆ మిత్రుని మీరు తిరిగి పిలవండి. ఉతికిన చొక్కా చాలునని చెప్పి మీ ప్రక్కన, ముందు వరుసలో నిలుపుకొనండి. డాక్టర్ జాకిర్ హుసేన్ పుట్టిన నగరమునకు అది తగిన మర్యాద అని మేము నమ్ముతున్నాము.