మన భీమవరం బిడ్డ – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన సభ్యులలో పలువురు నేడు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో పిల్లల వద్ద ఉంటున్నారు. కంప్యూటర్ కంపెనీల మధ్య పెరుగుతున్న మన మనుమలకు తప్పక చెప్పవలసిన చరిత్ర ఒకటి ఉన్నది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రిగారు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. అనారోగ్యం వల్ల ముందే రిటైరయ్యారు. ఇల్లు గడవక తల్లి నగలు అమ్మవలసి వచ్చింది. మెట్రిక్ మూడవసారికి గాని ప్యాసు కాలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ప్రొఫెసరు ఆగ్రహించగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగమూ రాలేదు. స్ప్రూ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొన్నది.

అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేస్తూ హార్వర్డులో చదివారు. 1929లో ఫిస్కేగారితో కలిసి, కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని కనుగొన్నారు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ వ్యాధికి అది మందు! బోదకాలు మందు హెట్రజాన్ కూడ అక్కడిదే. ఆయన ఆధ్వర్యంలోనే డగ్గర్‌గారు ఆరియోమైసిన్‌ను కనుగొనగా, 1948లో అది లోకానికి వెల్లడైంది.

ఆ మందు పనిచేసే తీరు మన ఆఫీసు భాషలో చెబుతాను. జన్యువు రికార్డు రూములోని అసలు ఫైలు వంటిది. అది బయటికి రాదు. దాని నకలు ఆర్.ఎన్.ఎ. రూపంలో సెక్షనుకు వెళుతుంది. ఆ సెక్షను పేరు రైబోజోము. అదీ ఆర్.ఎన్.ఎ., ప్రోటీన్లు కలిసి ఏర్పడినదే. నకలు చదివి, అందులో ఉన్న ప్రకారం ప్రోటీనును తయారుచేస్తుంది. ముడిసరుకును సిద్ధం చేయడానికి ఏ.టి.పి. శక్తి కావాలి. ఆరియోమైసిన్ సూక్ష్మజీవి రైబోజోములో చేరి ముడిసరుకును లోపలికి రానీయదు. ఫైలు ఉన్నా, నకలు ఉన్నా, పని జరగదు. క్రిమి పెరుగుదల ఆగిపోతుంది.

ఆనాటికి రైబోజోము అనే పేరే లేదు. ఈ జాతి మందు రైబోజోములో ఎక్కడ కూర్చుంటుందో 2000లో వెంకట్రామన్ రామకృష్ణన్‌గారి బృందం చూపింది. రైబోజోము నిర్మాణాన్ని తేల్చినందుకు ఆయనకు 2009లో మరి ఇద్దరితోపాటు నోబెల్ వచ్చింది.

సుబ్బారావుగారు మాత్రం 1948 ఆగస్టులో, 53వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేదు. శతజయంతికి, 1995లో, తపాలాశాఖ ఆయన స్టాంపు విడుదల చేసింది. మన ఇళ్ళలో ఫోలిక్ ఆమ్లం మాత్ర చేతికిచ్చినపుడైనా పిల్లలకు ఆయన పేరు చెబుదాం.