మాటకు అర్థం వెదికిన సురవరం

మీ ఇంట్లో ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందేమో గుర్తు చేసుకోండి. బడికి పోయే పిల్లవాడు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతాడు. తండ్రి నిఘంటువు తెరుస్తాడు. అది ఒక ఆట అని మాత్రమే అందులో ఉంటుంది. ఎలా ఆడతారో ఉండదు. మూలన కూర్చున్న అవ్వ ఆ మాట విని నవ్వి, బొగ్గు ముక్కతో బండ మీద గీతలు గీసి, నాలుగు గులకరాళ్లు పెట్టి చూపిస్తుంది. చదువుకున్న తండ్రికి అందని అర్థం అక్షరం రాని అవ్వ దగ్గర దొరుకుతుంది.

ఈ సంగతిని అందరికంటే ముందుగా పట్టించుకున్న పెద్దల్లో ఒకరు మన ప్రాంతంవారే. ఆయన సురవరం ప్రతాపరెడ్డి గారు. గోలకొండ పత్రిక నడిపిన ధీరుడిగా ఆయన మీకు తెలిసే ఉంటారు. చదివేవారి దారిలోని రాళ్లు ఏరడానికి ఆయన పడిన శ్రమ గురించి ఈ వారం చెప్పుకుందాం.

ఆయన 1896 మే 28న అలంపురానికి దగ్గరలోని బోరవెల్లిలో జన్మించారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలోకి వెళ్లిన ప్రాంతమిది. కర్నూలులో, హైదరాబాదులో, మద్రాసులో చదివారు. సంస్కృతం నేర్చారు. న్యాయశాస్త్రం కూడా చదివారు. వకీలుగా స్థిరపడి ఉంటే సుఖంగా బతికేవారే. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చేపట్టి, ఆ తర్వాత పత్రికలోకి దిగారు.

అప్పటి పరిస్థితి నేటి పిల్లలకు చెబితే నమ్మడం కష్టం. నిజాం రాజ్యంలో సగానికి దగ్గరగా జనం తెలుగువారే. కానీ కచేరీ భాష ఉర్దూ, కోర్టు భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. నల్లగొండ రైతు తన భూమి తగాదాలో వచ్చిన తీర్పు కాగితాన్ని మరొకరి చేతిలో పెట్టి చదివించుకోవలసిందే. చదివినవాడు ఏమి చెబితే అదే నిజం. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావు గారిని గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి సంవత్సరం నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది.

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలయింది. వారానికి రెండుసార్లు వచ్చేది. తొలి రోజుల్లో సంపాదకుడు, రచయిత, ప్రూఫులు దిద్దేవాడు, చిరునామాలు అంటించేవాడు అంతా ఆయనేనని పెద్దలు చెబుతారు. పలు మారుపేర్లతో తానే వ్రాసి పేజీలు నింపేవారు. నూటికి పదిమందికి కూడా చదువు రాని రాజ్యంలో పత్రిక నడపడమంటే వార్తలు వేయడం ఒక్కటే కాదు, చదివేవాళ్లను తయారు చేసుకోవడం కూడా. అందుకే గ్రంథాలయోద్యమం మీద ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే వ్రాశారు.

ఇక్కడ ఒక మాట. తేలిక తెలుగు అనగానే మనకు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. అది న్యాయమే. వాడుక భాష కోసం ఆయన జీవితమంతా పోరాడారు. అయితే అటు మద్రాసు రాష్ట్రంలో తగాదా ఏ తెలుగులో చదవాలన్నది. ఇటు మనకు అసలు తెలుగు చదవనిస్తారా అన్నది. ప్రతాపరెడ్డి గారిది పూర్తిగా వాడుక భాష కూడా కాదు, సరళమైన గ్రాంథికం. నేటి చదువరి అక్కడక్కడ ఆగవలసి వస్తుంది. ఆయన గొప్పతనం వేరే చోట ఉంది.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన కథ మీరు విన్నదే. అంతకంటే నాకు ఇష్టమైనది 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, మామూలు జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టారు అని అడిగిన పుస్తకమది. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? శాసనాలతో పాటు పాత కావ్యాల్లో దొరుకుతాయి. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, క్రీడాభిరామం, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక వంటివి ఆయన జల్లెడ పట్టారు.

పట్టేసరికి చిక్కు ఎదురయింది. కావ్యంలో ఒక వంటకం పేరు ఉంటుంది. నిఘంటువు చూస్తే భక్ష్యవిశేషం. ఒక ఆట పేరుంటే క్రీడావిశేషం. పక్షి అయితే పక్షివిశేషం! ఏదో ఒక తిండి, ఏదో ఒక ఆట, ఏదో ఒక పిట్ట అన్నమాట. నిఘంటువు వ్రాసిన పండితుడికి ఆ వస్తువు తెలియదు, తెలిసినవారిని అడగనూ లేదు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఇంకా బతికి ఉన్న మాటలు నిఘంటువులకు ఎక్కలేదని ఆయన బాధ. కృష్ణా తుంగభద్రల మధ్య పుట్టి, కర్నూలులో పెరిగిన మనిషి కాబట్టి ఆ రెండు ప్రాంతాల పలుకూ ఆయనకు ఇంటి పలుకే.

ఆయన ఏమి చేశారో గమనించండి. కష్టమైన మాటను తీసేసి సులువైన మాట పెట్టలేదు. అలా చేస్తే ఆ ఆటా పోతుంది, ఆ వంటకమూ పోతుంది. పద్యాన్ని పద్యంతో పోల్చి, జనం నోటి మాటతో సరిచూసి, ఆ వస్తువు ఏమిటో విప్పి చెప్పారు. పులిజూదం వంటి ఆటలకు కూడా గంభీరమైన చరిత్ర గ్రంథంలో చోటిచ్చారు. తెలియని చోట ఊహించి సరిపెట్టకుండా తెలియలేదని ఒప్పుకున్నారు. పండితులకిది చిన్నతనంగా తోచవచ్చు. చదివే మనకు మాత్రం అదే ఊరట. మనకు అర్థం కాలేదంటే లోపం మన బుద్ధిది కాదని తెలుస్తుంది.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఏడాది తిరిగిందో లేదో, 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఈ సాంఘిక చరిత్రకే దక్కింది. అందుకోవడానికి ఆయన లేరు.

పుస్తకం తర్వాత ఎన్నోసార్లు అచ్చయింది. దొరికితే ఇంటికి తెచ్చుకోండి. మొదటి పేజీ నుంచి చదవాలని పట్టుబట్టకండి. ఆటల గురించి, తిండి గురించి వ్రాసిన చోట తెరిచి, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లవాడి చేత పైకి చదివించండి.