ఒక్క రక్తమార్పిడి.. ఆర్థర్ యాష్ జీవితాన్నే మార్చేసింది

బ్రాక్‌నెల్: ఇక్కడి నుంచి లండన్ వాటర్లూ వెళ్లే రైల్లో రోజూ ప్రయాణించే మనవాళ్లకు వర్జీనియా వాటర్, రిచ్‌మండ్ స్టేషన్లు కొత్త కాదు. థేమ్స్ ఒడ్డున ఉన్న ఈ రిచ్‌మండ్ పేరునే 18వ శతాబ్దంలో అమెరికాలోని వర్జీనియాలో ఒక ఊరికి పెట్టారు. ఆ ఊళ్లో పుట్టిన ఓ నల్లజాతి కుర్రాడు, మన రిచ్‌మండ్‌కు కొద్ది మైళ్ల దూరంలోని వింబుల్డన్‌లో చరిత్ర సృష్టించాడు. ఆయనే ఆర్థర్ యాష్. ఆయన ఆట గురించి చాలామందికి తెలుసు. ఆయన ప్రాణం తీసిన జబ్బు ఎలా వచ్చిందో మాత్రం ప్రతి కుటుంబం తెలుసుకోవాలి.

పార్కు కాపలాదారు కొడుకు

యాష్ 1943 జులై 10న పుట్టారు. ఆరేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది. నల్లజాతీయుల కోసం కేటాయించిన పార్కుకు తండ్రి సంరక్షకుడు. వాళ్ల ఇల్లూ ఆ పార్కులోనే. గడప దాటితే టెన్నిస్ కోర్టులు. తెల్లవారి కోర్టుల్లో ఆడటానికి మాత్రం ఆ పిల్లాడికి అనుమతి లేదు.

రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అనే వైద్యుడు అతడిని చేరదీసి శిక్షణ ఇచ్చారు. ఆటతోపాటు ఓర్పునూ నేర్పారు. అంపైర్‌తో వాదించకూడదు, గీత దగ్గర పడిన బంతి కాస్త బయట పడినా ఆడేయాలి అన్నది ఆయన పెట్టిన నియమం. నల్లజాతి కుర్రాడి మీద ఎవరూ వేలెత్తి చూపే అవకాశం ఇవ్వకూడదన్నది ఆయన ఉద్దేశం. ఆ నిగ్రహం యాష్‌కు జీవితాంతం తోడుగా ఉంది.

1968లో సైన్యంలో పనిచేస్తూనే యూఎస్ ఓపెన్ గెలిచారు. అమెచ్యూర్ కావడంతో 14 వేల డాలర్ల బహుమతి చేతికి రాలేదు. రోజుకు 20 డాలర్ల ఖర్చులు మాత్రం దక్కాయి. 1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. 1975 జులై 5న వింబుల్డన్ ఫైనల్లో, అందరూ ఫేవరెట్‌గా భావించిన జిమ్మీ కానర్స్‌ను నెమ్మదైన బంతులతో తికమకపెట్టి నాలుగు సెట్లలో ఓడించారు. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ నెగ్గిన తొలి నల్లజాతీయుడిగా నిలిచారు.

1977లో ఫొటోగ్రాఫర్ జీన్ ముతుసామిని పెళ్లాడారు. ఆ ఇంటిపేరు వింటే మనకు అర్థమైపోతుంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌కు వలస వెళ్లిన భారతీయుల మూలాలు ఆమె తండ్రి కుటుంబానివి.

పరీక్ష లేని రోజుల్లో..

1979లో, 36 ఏళ్లకే యాష్‌కు గుండెపోటు వచ్చింది. అదే ఏడాది బైపాస్ ఆపరేషన్ చేశారు. 1983లో రెండోసారి గుండె ఆపరేషన్ చేసినప్పుడు రక్తం ఎక్కించారు. అందులో హెచ్‌ఐవీ ఉంది. దాతల రక్తంలో ఆ వైరస్‌ను గుర్తించే పరీక్ష అమెరికాలో 1985లో గానీ అందుబాటులోకి రాలేదు. రెండేళ్ల తేడా ఒక ప్రాణాన్ని బలి తీసుకుంది.

ఆ సంగతి అప్పట్లో ఆయనకు తెలియదు. 1986లో భార్యాభర్తలు ఒక పసిపాపను దత్తత తీసుకుని, తల్లి వృత్తిని గుర్తుచేసేలా కెమెరా అని పేరు పెట్టుకున్నారు. 1988లో కుడి చేయి పనిచేయడం మానేసింది. మెదడులో ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. దాని మూలాలు వెతికితే హెచ్‌ఐవీ బయటపడింది. భార్యకు, కూతురికి మాత్రం అది సోకలేదు.

మూడున్నరేళ్లు ఆ విషయం దగ్గరివాళ్లకే తెలుసు. 1992లో ఒక పత్రిక ఆరా తీయడంతో, ఏప్రిల్ 8న యాష్ తానే విలేకరుల ముందుకు వచ్చారు. ఐదేళ్ల కూతురి ప్రస్తావన రాగానే గొంతు పూడుకుపోయింది. మిగతా మాటలు భార్య చదవాల్సి వచ్చింది. కోర్టులో నిగ్రహానికి పేరుపడ్డ మనిషి, చెప్పక తప్పని పరిస్థితిలో అలా కుంగిపోయారు.

ఆ తర్వాత మిగిలింది పది నెలలే. ఎయిడ్స్‌పై పోరాటానికి ఫౌండేషన్ పెట్టారు. హైతీ శరణార్థుల కోసం వైట్‌హౌస్ ముందు నిరసన తెలిపి అరెస్టయ్యారు. డిసెంబరు 1న ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించారు. 1993 ఫిబ్రవరి 6న న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 49. నేడు యూఎస్ ఓపెన్ ప్రధాన స్టేడియం ఆయన పేరుతోనే ఉంది.

మనకేం సంబంధం?

ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ బాధితులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. జబ్బు కంటే ముందు ‘ఎలా వచ్చింది’ అన్న ప్రశ్నే ఆ కుటుంబాలను చంపేసింది. బ్రిటన్‌లోనూ కలుషిత రక్తం, రక్త ఉత్పత్తుల వల్ల 30 వేల మందికి పైగా హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకాయని 2024 మే నెలలో విచారణ నివేదిక తేల్చింది.

లైంగిక వ్యాధులుగా పేరుపడ్డ హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ తల్లి నుంచి బిడ్డకు, రక్తం ద్వారా కూడా సోకుతాయి. అందుకే ఇక్కడ గర్భిణులందరికీ ఎన్‌హెచ్‌ఎస్ ఈ మూడు పరీక్షలు చేయించుకోమంటుంది. వాటిని అనుమానంగానో అవమానంగానో చూడొద్దు. హెచ్‌ఐవీ ఉన్నా సకాలంలో మందులు వాడితే బిడ్డకు సోకే ముప్పు చాలా తక్కువ. తల్లికి హెపటైటిస్-బి ఉంటే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపే టీకా వేస్తారు.

హెపటైటిస్-బి రక్తపు మరకలున్న రేజర్, టూత్‌బ్రష్ ద్వారా కూడా అంటుకోవచ్చు. ఇంట్లో ఎవరివి వారికే ఉండాలి. సెలవులకు ఊరెళ్లి పిల్లలకు చెవులు కుట్టించినా, పచ్చబొట్టు వేయించుకున్నా కొత్త సూది వాడుతున్నారో లేదో అడగాలి. మొహమాటపడొద్దు. ఇక్కడ 2017 ఆగస్టు నుంచి పుట్టిన పిల్లలకు ఈ టీకా మామూలు టీకాలతోనే వేస్తున్నారు. తల్లిదండ్రులు తమ సంగతి జీపీని అడిగి తెలుసుకోవడం మంచిది.

కరచాలనం, కౌగిలింత, ఒకే కంచంలో తినడం, మరుగుదొడ్డి, దోమకాటు.. వీటివల్ల హెచ్‌ఐవీ రాదు. యాష్ ఇంట్లో పసిపాప ఆయన ఒళ్లోనే పెరిగింది. ఆమెకు ఏమీ కాలేదు.

జబ్బు ఏ దారిలో వచ్చినా మనిషి మనిషే. ఈసారి రైలు రిచ్‌మండ్‌లో ఆగినప్పుడు, అదే పేరున్న మరో ఊరి నుంచి వచ్చిన ఆ ఆటగాడిని ఒక్కసారి తలచుకుందాం. మన చుట్టుపక్కల ఎవరైనా అలాంటి రహస్యాన్ని ఒంటరిగా మోస్తుంటే, ‘ఎలా వచ్చింది’ అని అడిగే ముందు ‘ఎలా ఉన్నారు’ అని అడుగుదాం.