జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్

ఫ్రౌన్‌హోఫర్ 1787లో బవేరియాయందలి స్ట్రౌబింగ్ పట్టణమున, కిటికీలకు అద్దములు బిగించువాని యింట జన్మించెను. 11 ఏండ్లకే తల్లిదండ్రులను గోల్పోయి, మ్యూనిక్ నగరమున నొక అద్దముల పనివానియొద్ద జేరెను. ఆ యజమానుడు బాలుని చదువుకొననీయడయ్యెను. 1801లో ఆ యిల్లు కూలగా నతడు శిథిలములక్రింద జిక్కి బ్రతికి బయటపడెను. చూడవచ్చిన ప్రభువు మాక్సిమిలియన్ యొసగిన ధనముతో స్వేచ్ఛ పొందెను.

గాజు ఒక్కొక్క రంగును ఎంత వంచునో కొలిచినగాని మంచి కటకము కుదరదు. రంగులు ఒండొంటిలో గలిసిపోవుటచే కొలతకు గుఱుతు దొరకదయ్యెను. 1814లో సన్నని చీలికగుండ వచ్చిన సూర్యకాంతిని పట్టకముచే విడదీసి దూరదర్శినితో జూడగా, వర్ణపటమున నల్లని గీతలు వందలకొలది గానవచ్చెను. వానిలో ముఖ్యమైనవానికి అక్షరములే పేళ్లుగా నిడి గుఱుతులుగా వాడుకొనెను. మన తరగతి గోడపై పట్టకము చూపు రంగులలో నవి కానరావు.

1826లో, 39వ యేట, క్షయచే మరణించెను. ఆ గీతల కారణమును 1859లో కిర్కాఫ్ తెలిపెను.